మామగారి ఫైలు

అవనిగడ్డలో మా మామగారికి ఒక ఫైలు ఉందనీ, వెంటనే జవాబివ్వకపోతే దాన్ని మూసేస్తానని నేనన్నాననీ మా ఆవిడ తరఫు చుట్టాల్లో ఇప్పుడు తెలియనివాళ్ళు లేరు. అన్నమాట నిజమే. కానీ అన్న సమయానికి నేను నిద్రపోతున్నాను. ఆ ఫైలు ఎక్కడుందో, అందులో ఏముందో నాకూ తెలీదు. ఇదీ నా వాదన. ఇంట్లో దీన్ని వాదన కింద ఎవరూ జమకట్టడం లేదు గనక ఇక్కడ పెట్టుకుంటున్నాను.

ముందు నా ఉద్యోగం చెప్పాలి. బందరు ఈడేపల్లిలో మా ఇంటి మేడగదిలో కూర్చుని అమెరికాలో పళ్ళ డాక్టర్ల జమాఖర్చులు రాస్తుంటాను. సీఏ ఇంటర్ దగ్గర ఆగిన చదువు నాది. ఉన్న ఇద్దరు డాక్టర్లలో ఒకాయన ఈమధ్య ప్రాక్టీసు అమ్మేసుకుని ఫ్లోరిడాలో చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. మిగిలిన ఒక్క డాక్టరు పీకే పళ్ళతో మా ఇల్లు గడవదు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, "నాన్నా, లింక్డిన్‌లో లేని మనిషి లేనట్టే లెక్క" అన్నాడు. లేనట్టు బతకడం నాకు అలవాటే అయినా వాడు ఊరుకోలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకో ప్రొఫైలు కట్టి, పాస్‌పోర్టు కోసం దిగిన ఫొటో అతికించి, పేరు కింద "అంతర్జాతీయ ఆర్థిక పరివర్తనా సారథి" అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో ఏదో రాసి వెళ్ళాడు.

మా ఆవిడ అది చదివింది. "పాలవాడి లెక్క పొద్దున కూడితే ఒకటి, సాయంత్రం కూడితే ఒకటి వస్తుంది మీకు. సారథేమిటండీ?" అంది. ఆవిడ గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ నాన్న లెక్కల మాస్టారు. ఆ వంశంలో కూడిక తప్పడం నేరం, తీసివేత తప్పడం పాపం.

లింక్డిన్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2003 మే నెలలో కాలిఫోర్నియాలో మొదలైన సైటు అది. ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళూ, ఇచ్చేవాళ్ళూ, ఆ రెండూ కాక వాళ్ళని అభినందిస్తూ కూర్చునేవాళ్ళూ అందులో ఉంటారు. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. కంపెనీ అధిపతి సత్య నాదెళ్ళ హైదరాబాదులో పుట్టినవాడు కాబట్టి మా బావమరిది దృష్టిలో అది మన ఇంటి వ్యవహారం. "మనవాళ్ళదే కదా బావగారూ, మొహమాటమెందుకు?" అని గుడివాడ నుంచి ఫోనులో ధైర్యం చెప్పాడు.

చేరాక తెలిసింది. అక్కడ ఎవరూ ఉద్యోగంలో చేరరు, కొత్త ప్రయాణం ప్రారంభిస్తారు. ఎవరికీ ఉద్యోగం పోదు, ఒక అధ్యాయం ముగుస్తుంది. పొద్దున్నే తెరిచి చూస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి ప్రకటించడానికి పులకించిపోతూ ఉంటారు. వాళ్ళని పలకరించాలి, మెచ్చుకోవాలి, పనిలో పనిగా మన సరుకు గురించి ఓ మాట వెయ్యాలి. అంత పలకరింపు నా వల్ల కాదు. ఎదురింటాయన "ఏమండీ, బజారుకేనా?" అంటేనే నేను చెప్పు తెగినట్టు కిందికి వంగిపోతాను.

అప్పుడు దొరికింది యంత్రం. దాని పేరు అనవసరం, అలాంటివి బోలెడున్నాయి. నెలకింతని కడితే మన తరఫున అదే లోపలికెళ్ళి అదే పలకరిస్తుంది. పుట్టినరోజుకి శుభాకాంక్షలు, ఉద్యోగంలో ఏడాది నిండితే అభినందనలు, మన స్నేహం ఒప్పుకున్నవాడికి థాంక్స్, ఆ తర్వాత రెండ్రోజులాగి "ఒక పావుగంట మాట్లాడుకుందామా?", పలక్కపోతే ఇంకోటి, అప్పటికీ పలక్కపోతే మరోటి, చివరికి ఆఖరిది. ఈ వరసని ఆ వ్యాపారంలో సీక్వెన్స్ అంటారు. ఆఖరిదాన్ని బ్రేకప్ మెసేజ్ అంటారు. అందులో మనం కాస్త నొచ్చుకున్నట్టు, "మీకు ఆసక్తి లేదనుకుంటాను, మీ ఫైలు మూసేస్తున్నాను" అనాలి. ఫైలంటూ ఏదీ ఉండదు. చెయ్యిజారిపోతోందంటే ఎవడైనా చెయ్యి చాపుతాడని కిటుకు. చాపినవాళ్ళ సంగతేమో గానీ, చెయ్యి చేసుకునేంత కోపం వచ్చేవాళ్ళూ ఉంటారని కనిపెట్టినవాళ్ళకి తట్టినట్టు లేదు.

ఇంకో విశేషం కూడా ఉంది. యంత్రమని పట్టుబడకుండా సందేశానికీ సందేశానికీ మధ్య ఆగుతుంది, ఒకోసారి ఎక్కువసేపు, ఒకోసారి తక్కువసేపు, మనిషి ఆలోచించుకుంటున్నట్టు. ఇది మా ఆవిడకి ఎంతో గొప్పగా చెప్పాను. "పోన్లెండి, ఆలోచించి మాట్లాడేది ఇంట్లో ఒకటన్నా ఉంటుంది" అంది.

ఇలాంటివి వాడకూడదని లింక్డిన్ నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. అవన్నీ ఒప్పుకుంటున్నానని నేను మీట నొక్కాను కూడా. చదవకుండా సంతకం పెట్టొద్దని పళ్ళ డాక్టర్లకి చెప్పి డబ్బు తీసుకునేవాణ్ణి నేనే. పైగా, డబ్బు కట్టాం కదా, పూర్తిగా వాడుకుందామని నా ఫోనులో ఉన్న పేర్లూ, నంబర్లూ, ఈమెయిళ్ళూ మొత్తం దాని నోట్లో పోశాను. గ్యాసు బండ బుక్ చేసే నంబరు కూడా వెళ్ళింది. అందులో లింక్డిన్‌లో ప్రొఫైలున్న ప్రతివాడూ దానికి కాబోయే ఖాతాదారే.

ఈ పని చేసిన మొదటి మహానుభావుణ్ణి నేను కానని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. లింక్డినే ఒకప్పుడు సభ్యుల అడ్రసు పుస్తకాలు చూసి, వాళ్ళ పేరు మీద తెలిసినవాళ్ళకి ఆహ్వానం పంపి, రానివాళ్ళకి మరో రెండుసార్లు గుర్తుచేసేది. దాని మీద కాలిఫోర్నియాలో కేసు పడింది. మొదటి ఆహ్వానానికి సభ్యులు ఒప్పుకున్నట్టే లెక్క, ఆ తర్వాతి గుర్తుచేతలకి మాత్రం ఒప్పుకున్నట్టు కాదు, వాటివల్ల సభ్యుడి పరువు పోవచ్చన్న వాదన వినదగ్గదే అని 2014లో జడ్జిగారు అన్నారు. 2015లో కంపెనీ 1.3 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఒకసారి పిలిస్తే మర్యాద, మూడుసార్లు పిలిస్తే వీడికేదో అవసరం పడింది అని మా అత్తగారు కోర్టు ఫీజు లేకుండానే చెప్పగలరు.

యంత్రానికి మొదట అడ్డం తిరిగినవి మన పేర్లు. పేరులో మొదటి ముక్క తీసుకుని "డియర్" తర్వాత తగిలించడం దాని పద్ధతి. అమెరికావాడికి మొదటి ముక్కే పేరు. మన దగ్గర మొదటి ముక్క ఇంటిపేరు కావచ్చు, ఇనీషియల్ కావచ్చు, దేవుడు కావచ్చు. కొందరికి "డియర్ కె" అని వెళ్ళింది. డాక్టర్లందరికీ "డియర్ డాక్టర్" వెళ్ళింది, అవి మాత్రం బాగా కుదిరాయి. ఒక ముప్పాతిక వంతు మందికి "డియర్ శ్రీ", "డియర్ వెంకట" వెళ్ళాయి. దివిసీమవాళ్ళందరికీ కట్టకట్టుకుని "డియర్ నాగ" వెళ్ళింది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు పక్కనే ఉండగా ఆ చుట్టుపక్కల పిల్లలకి నాగ కలపకుండా పేరు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది?

మా బావమరిది ఫోను చేశాడు. "బావగారూ, ఇంట్లో నన్ను చిన్నా అంటారు. కంపెనీలో ప్రసాదంటారు. నాగా అని పిలిచేది మోపిదేవి పూజారిగారు ఒక్కరే, అదీ గోత్రం చెప్పాక. మీకేం కోపమొచ్చిందండీ నా మీద?"

మా ఆవిడకీ ప్రొఫైలుంది, టీచర్ల ట్రైనింగుకి కావాలంటే పెట్టుకుంది. ఆవిడకి వచ్చిన సందేశంలో, మన ఇద్దరి బలాలూ కలిస్తే ఎన్ని అవకాశాలు తెరుచుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా, అని ఉంది. పాతికేళ్ళ పైబడ్డ కాపురం తర్వాత వచ్చింది ఆ ప్రశ్న. లింక్డిన్ 2017 నుంచి జవాబులు కూడా తయారుగా మీటల మీద పెట్టి చూపిస్తోంది, నొక్కితే చాలు. ఆవిడ కింద వంటింట్లోంచి "ఆసక్తి లేదు, థాంక్స్" అన్న మీట నొక్కింది. ఆ సంగతి నాకు భోజనాల దగ్గర చెప్పింది. ఇంతటితో పోయింది కదా అనుకున్నాను. 2015లో గూగుల్‌వాళ్ళు జీమెయిల్‌కి ఇలాంటి రెడీమేడ్ జవాబులు తయారుచేస్తున్నప్పుడు ఆ యంత్రం సంబంధం లేని ఉత్తరాలకి కూడా మాటిమాటికీ "ఐ లవ్ యూ" అని సూచించేదట. నాది ఆ కంపెనీ సరుకు కాకపోవడం దైవకృప. లేకపోతే టెక్సాస్‌లో ఉన్న నా ఒక్క డాక్టరుకి కూడా ఐ లవ్ యూ వెళ్ళి ఉండేది.

గుడివాడతో తంటా అంతటితో తీరలేదు. బావమరిది చేపల మేత అమ్మే ఉద్యోగంతోపాటు ముదినేపల్లి వైపు ఓ చెరువు కౌలుకి తీసుకున్నాడు. "మీ వ్యాపారంలో మిమ్మల్ని రాత్రుళ్ళు నిద్రపోనివ్వని సమస్య ఏమిటి?" అని నా పేరు మీద వెళ్ళిన ప్రశ్నని నిజం ప్రశ్నే అనుకున్నాడు పాపం. తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి జవాబు రాశాడు. రాత్రంతా మబ్బు పట్టింది, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది, కరెంటు లేక ఏరేటర్లు తిరగట్లేదు, చేప తేలింది, ఎక్కడ చూసినా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి, ఒక జనరేటరుంటే ఎవరినైనా పురమాయించండి బావగారూ, అని. యంత్రం మనిషిలా కాసేపు ఆగి, "ఇది వినడం చాలా సంతోషం! ఈ ఉత్సాహం ఇలాగే కొనసాగాలి" అంది.

జవాబు వస్తే సీక్వెన్సు ఆపాలా అని అడిగే గడి ఒకటుంది ఆ యంత్రంలో. అందులో టిక్కు పెట్టాలి. నేను పెట్టలేదు. జవాబిచ్చేవాణ్ణి వదిలేసి ఇవ్వనివాడి వెంట పడడం ఏం వ్యాపారం అనుకున్నాను. జనరేటరు వాడికి వేరేవాళ్ళెవరో తెచ్చిచ్చారు. చేప చాలావరకు బతికింది. నన్ను మాత్రం వాడు చాన్నాళ్ళు బావగారూ అని కాకుండా "సార్" అని పిలిచాడు.

ఇక మామగారు.

ఆయన అవనిగడ్డలో రిటైరైన లెక్కల మాస్టారని చెప్పాను కదా. డీఎస్సీ కోచింగులకి పేరుపడ్డ ఊరది. రిటైరయ్యాక కూడా కాబోయే టీచర్లు ఆయన అరుగు వదల్లేదు. నాకు ప్రొఫైలు కట్టిన సంక్రాంతికే మావాడు తాతగారికీ ఒకటి కట్టాడు, శిష్యులు వెతుక్కుంటూ వస్తారని. ఆయన రోజూ పేపరు అయ్యాక, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చదివి పక్కన పెడతారు.

ఆయనతో నా సంభాషణలు ఇన్నేళ్ళలో ఒకే తీరు. "బాగున్నారా మావయ్యగారూ?" అంటాను. "బాగున్నాం. మీరు బాగున్నారా?" అంటారు. తర్వాత ఇద్దరం టీవీ వైపు తిరిగి కూర్చుంటాం. అలాంటి అల్లుడి దగ్గర్నుంచి ఒకనాడు ఆయనకి ఇలా వచ్చింది: "మీ ప్రొఫైలు చూశాను. మీ ప్రయాణం నన్నెంతగానో ఆకట్టుకుంది. మీవంటి నాయకుల అనుభవం నుంచి నేర్చుకోవాలని ఉంది. ఈ వారం ఒక పావుగంట ఇవ్వగలరా?"

యంత్రానికి నేను అమెరికా ఆఫీసు వేళలు పెట్టాను కాబట్టి ఆ సందేశం దివిసీమలో అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి దిగింది. ఫోను టింగుమంది. ఆయన లేచి చదివి, దీపం వేసి మళ్ళీ చదివి, మా అత్తగారిని లేపి, "ఏమోయ్, ఈ వేళప్పుడు అల్లుడుగారు నా గురించి ఆలోచిస్తున్నారు" అన్నారట. మర్నాడు పెన్షనర్ల దగ్గర చూపించారు. "మా అల్లుడు గుడ్మాణింగ్ పువ్వుల బొమ్మ తప్ప ఏదీ పంపి ఎరగడు" అని అందులో ఒకాయన నిట్టూర్చాడట.

ఇంత ముఖ్యమైన విషయానికి ఫోనులో జవాబివ్వడం ఆయన పద్ధతి కాదు. పోస్టాఫీసుకెళ్ళి ఇన్‌లాండ్ లెటరు తెచ్చి, ఎజెండా రాశారు. ఒకటి, పెద్దకాలవ పక్క ఎకరం చేపలచెరువుకి ఇవ్వాలా, ఊడుపుకే ఉంచాలా. రెండు, పెన్షను బకాయిల మీద వడ్డీ వేసిన పద్ధతి సరైనదేనా. మూడు, మా అబ్బాయి పెళ్ళి. కింద, "మీరడిగిన పావుగంటలో అయిదు నిమిషాలు మీవి, పది నావి. అవసరమైతే పొడిగించవచ్చు" అని రాసి డబ్బాలో వేశారు.

ఆ ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో పోస్టులో వచ్చేది ప్రీమియం నోటీసు తప్ప మరేమై ఉంటుందని నేను దాన్ని ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద పెట్టాను.

లింక్డిన్‌లో జవాబు లేదు కాబట్టి యంత్రం తన దారిన తాను సాగింది. రెండో సందేశం: "మీ పని ఒత్తిడిలో నా ఉత్తరం కిందపడిపోయి ఉంటుంది, మళ్ళీ పైకి తెస్తున్నాను." రిటైరైన మనిషికి పని ఒత్తిడేమిటి? ఎత్తిపొడుపేమో అని ఆయనకి అనుమానం. అయినా ఊరుకున్నారు. మూడోది: "లెక్కల్లో పొరపాట్ల వల్ల మీలాంటివాళ్ళు ఏటా ఎంత పోగొట్టుకుంటున్నారో తెలుసా? మేము 30 శాతం ఆదా చేయగలం." ఇక్కడ ఆయన పేపరు పక్కన పెట్టేశారట. దివిసీమలో సగంమందికి లెక్కలు నేర్పిన మనిషి లెక్కల్లో పొరపాట్లా? అదీ ఈ అల్లుడి చేత! నాలుగోది ఫైలు.

మా అత్తగారు ఫోను చేసింది నాకు కాదు. "అమ్మాయ్, మీ ఆయన మీ నాన్న ఫైలు మూసేస్తాట్టే. ఏ ఫైలే అదీ?"

ఆవిడ ఆ ముక్క ఇంకెవరెవరితో అందో గానీ, నాగాయలంక చేరేసరికి అది పొలం కాగితాల ఫైలైంది. కోడూరు చేరేసరికి కోర్టు ఫైలైంది. గుడివాడ చేరేసరికి ఆసుపత్రి ఫైలై, నాన్నకేమైందోనని మా బావమరిది చెరువు వదిలేసి మోటారుసైకిలెక్కాడు.

మా ఆవిడ ఇల్లంతా వెతికి, ఫ్రిజ్ మీద నీలం కాగితం పట్టుకుంది. నిలబడే చదివింది. నన్ను పైనుంచి పిలిచి, ఆ యంత్రాన్ని తన ఎదురుగానే తీసేయించి, "చొక్కా మార్చుకోండి" అంది.

కోనేరు సెంటర్లో రెండు కిలోల తొక్కుడు లడ్డు కట్టించుకుని అవనిగడ్డ బస్సెక్కాం. చల్లపల్లి దాకా ఆవిడ మాట్లాడలేదు. అది అనుకూలంగా తీసుకుని నేనే మొదలుపెట్టాను. అచ్చులో పోసిన మాటలు మనకి కొత్తా? మన పెళ్ళికి టెలిగ్రాములు రాలేదా? తంతి ఆఫీసులో నంబర్ల పట్టిక ఉండేది. నంబరు 8 అంటే దీర్ఘకాలం సుఖంగా కాపురం చెయ్యండని. 10 అంటే పరీక్ష పాసైనందుకు. 6 అంటే బిడ్డ పుట్టినందుకు. పంపేవాడు అంకె చెబితే చాలు, మాటలు ప్రభుత్వం సమకూర్చేది. అంకె పొరపాటున 8 బదులు 6 పడితే పెళ్ళిపందిట్లోకి బిడ్డ పుట్టినందుకు అభినందనలొచ్చేవి. 2013 జులైలో టెలిగ్రామే ఎత్తేసేదాకా దేశమంతా అలాగే ఆనందించింది, అలాగే దుఃఖించింది. ఎవరి ఫైలూ మూతపడలేదు.

"అయిందా?" అంది.

అయిందన్నాను.

"పెళ్ళి పిలుపులకి వెళ్తే మా అమ్మ గడపగడపకీ ఏమనేదో తెలుసా? అందరూ తప్పకుండా రావాలి, ముందు రోజే రావాలి. అందరికీ అదే మాట. ఒక్కళ్ళకన్నా వేరే మాట చెప్పిందా? ఎవరన్నా అడిగారా? ఎండలో నడిచి వచ్చి బొట్టు పెట్టింది, అదే పిలుపు. అదే మాట కార్డు మీద వేసి పోస్టులో పడేస్తే మా కోడూరు పెదనాన్న పెళ్ళికే రాలేదు." కాసేపాగి మళ్ళీ అందుకుంది. "చిలకలపూడి గొలుసు వేసుకుని పేరంటానికి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. అందరి మెళ్ళోనూ అదేగా. దాన్ని తీసుకెళ్ళి తాకట్టుకొట్లో పెట్టి డబ్బడిగితే తంతారు. మీరు మా నాన్న దగ్గర తాకట్టుకి పెట్టారు."

బందరు మనిషిని, చిలకలపూడి నగల మధ్య పెరిగినవాణ్ణి, నాకే గిల్టు గురించి చెబుతోంది. మోపిదేవి వచ్చేదాకా నాకు బదులు దొరకలేదు. ఆ తర్వాతా దొరకలేదు.

మామగారు ముందుగదిలో కుర్చీలో ఉన్నారు. ఎదురుగా బల్ల మీద చేతిగడియారం విప్పి నిలబెట్టి ఉంది. పక్కన రూళ్ళ పుస్తకం. నా నాలుగు సందేశాలూ అందులో నీలం సిరాతో తెలుగు చేసి ఎత్తి రాసుకున్నారు. ఎర్రసిరాతో దిద్దారు కూడా. "మీ ప్రయాణం" కింద గీత గీసి "ఎక్కడికి?" అని ఉంది. "30 శాతం ఆదా" పక్కన "ఏ మొత్తం మీద?" అని ఉంది. దానికి అయిదుకి సున్న వేశారు. నాలుగోదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"బాగున్నారా మావయ్యగారూ?" అన్నాను.

"కూర్చోండి" అన్నారు.

కూర్చుని మొత్తం చెప్పాను. యంత్రం, సీక్వెన్సు, అమెరికా వేళలు, ఫ్రిజ్. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. మాస్టార్లు పిల్లవాడు తప్పు లెక్క పూర్తిగా చేసేదాకా ఆగుతారు కదా, అలా ఆగారు. తర్వాత ప్రశ్నలు. "నేను అందులోనే జవాబు రాసి ఉంటే అది ఆగేదా?" ఒక గడిలో టిక్కు పెట్టి ఉంటే ఆగేదండీ అన్నాను. "పెట్టారా?" లేదండీ. "ఎందుచేత?" దానికి నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. గుడివాడ నుంచి వచ్చి ఉన్న బావమరిది, "చెప్పండి సార్" అన్నాడు.

ఆయన గడియారం తీసి మళ్ళీ చేతికి పెట్టుకున్నారు. "1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. రోడ్లు లేవు, స్తంభాలు లేవు, ఏ ఊరు ఎటుందో తెలిసేది కాదు. ఇక్కడ వేలమంది పోయారని లోకానికి తెలియడానికే రోజులు పట్టింది. మా మేనమామ ఘంటసాల నుంచి నడిచొచ్చాడు. మోకాలిలోతు బురద. వచ్చి గుమ్మంలో నిలబడి, ఉన్నావుట్రా, అని ఆ ఒక్కమాటే అడిగాడు. నాకు ఇంకో ప్రశ్న అక్కర్లేకపోయింది." కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. అత్తగారు లడ్డు పళ్ళెం తెచ్చి పెట్టారు. ఆయన ఒకటి తుంచుకుని నోట్లో వేసుకుని, "మీరు బస్సులో వచ్చారు. ఫర్వాలేదు, ఈ రోజుల్లో అదీ ఎక్కువే" అన్నారు.

ఆ తర్వాత ఎజెండా తీశారు. పావుగంట అన్నది మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. ఎకరం చేపలకివ్వొద్దన్నాను, బావమరిది ఇవ్వాలన్నాడు. పెన్షను వడ్డీ లెక్క నాచేత రెండుసార్లు వేయించారు, రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది, మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది. టీవీ ఎవరూ పెట్టలేదు.

భోజనాలయ్యాక మామగారు నన్ను ఒక్కణ్ణే అరుగు మీదికి పిలిచారు. గొంతు తగ్గించారు.

"ఆ నాలుగోది బాగుందండీ."

"ఏదండీ?"

"ఫైలు మూయడం. దిద్దడానికి అందులో ఏమీ కనబళ్ళేదు. దెబ్బ తగిలేలా ఉంది." అటూ ఇటూ చూశారు. "మాతో పనిచేసిన ఒకాయన ఎప్పుడో నా దగ్గర నలభై వేలు చేబదులు తీసుకున్నాడు. ఇప్పుడు విజయవాడలో కొడుకు దగ్గర ఉంటాడు. ఫోనెత్తడు. ఆయనా అందులో ఉన్నాడు, చూశాను. మీ అత్తయ్యగారికి ఈ సంగతి తెలీదు."

యంత్రం తీసేశానని చెప్పాను. "యంత్రమెందుకు? మీరే కొట్టండి" అని తన ఫోను నా చేతిలో పెట్టారు. ఆయన చెబుతుంటే ఒక్కో అక్షరమే కొట్టాను. పేరు పూర్తిగా రాయించారు, గారు పెట్టించారు. జవాబు రానందున మీ ఫైలు మూసివేయుచున్నాను, ఇట్లు. పంపాం. ఇద్దరం వీధి వైపు తిరిగి కూర్చున్నాం.

సాయంత్రం కాఫీ వేళకి టింగుమంది. ఆయన కళ్ళజోడు దించుకుని చదివి, ఫోను నా వైపు తిప్పారు. "థాంక్స్! త్వరలో మాట్లాడుకుందాం" అని ఉంది, బొటనవేలు బొమ్మతో సహా.

"ఇది ఆయన రాసిందా, మీట నొక్కిందా?"

మీటేనండీ అన్నాను.

"త్వరలో అంటే ఏ తారీఖు?" జేబులోంచి ఎర్రకలం తీసి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు లోపల పెట్టేసుకున్నారు. "సరే. ఇప్పుడు ఆ రెండోది పంపండి అల్లుడుగారూ. పని ఒత్తిడి అన్నది."